చేలో చొక్కాకి రెండో గుండీ

గుండీ ఊడింది నా కోపం వల్లే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నన్ను వేలెత్తి చూపక్కర్లేకుండా.

ఆ గురువారం పొద్దున్న స్ప్రేయరు వీపుకి తగిలించుకుని చేను గట్టు మీద నడుస్తున్నాను. ఊడుపులై మూడు వారాలైంది, ఆకు మీద పురుగు కనపడింది. మందు కలుపుకుని దిగబోతుంటే వెనక బండి ఆగిన చప్పుడైంది. చూస్తే మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు. బండి దిగలేదు. కాలు కింద ఆన్చి అక్కణ్ణించే మొదలెట్టాడు.

"వదినా, సోమవారం మన చేలకి ఈ-క్రాప్ ఫోటోలకి వస్తున్నారంట. మీరు ఎండలో పడి రానక్కర్లేదు. ఎప్పటిలాగే నేను నిలబడతాలెండి."

ఈ-క్రాప్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఏ చేలో ఏ పంట వేశారు, వేసిందెవరు అని రాసుకోడానికి వ్యవసాయ సహాయకురాలు ఫోను పట్టుకుని చేలోకే వస్తుంది. రైతుని పంటలో నిలబెట్టి ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలో ఎవరుంటే ఆ చేను సాగు చేస్తున్నది వాళ్ళేనని ఊరంతా అనుకుంటుంది. మా ఆయన చనిపోయిన ఏడాది ఇంట్లోవాళ్ళు నన్ను గడప దాటకూడదన్నారు, దాటలేదు. మరిది నిలబడ్డాడు. రెండో ఏడు దమ్ము దగ్గర్నుంచి కోత దాకా అంతా నేనే చేయించాను. ఫోటో వేళకి మళ్ళీ తనే వెళ్ళి నిలబడ్డాడు, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇది మూడో ఏడు. "వదినగారు చేసింది చాల్లెండి, చేను నాకొదిలేసి సుఖంగా ఇంట్లో కూర్చోమనండి" అని అప్పటికే నలుగురిలో అన్నాడు. మూడోసారి కూడా తన బొమ్మే పడిందా, ఆ రెండున్నర ఎకరాలూ చేస్తున్నది నేనని ఎంత గొంతు చించుకున్నా వినే నాథుడుండడు.

"నిలబడేది నేను," అన్నాను.

"మీరా? ఆ చొక్కాతోనా?" అని నవ్వాడు.

ఒళ్ళు మండిపోయింది. వీపు మీది స్ప్రేయరు ఒక్క విసురున లాగి గట్టు మీద పడేశాను. దాని బెల్టు చొక్కా పట్టీలో ఇరుక్కుని ఉందని నేను చూసుకోలేదు. టప్‌మంది. పైనుంచి రెండో గుండీ, సరిగ్గా గుండెల మీద ఉండేది, ఎగిరి చేలో నీళ్ళల్లో పడింది. మరిది బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను చీర ఎగ్గట్టి మడిలోకి దిగి, మోకాటి లోతు బురదలో చేతులు పెట్టి గంటసేపు వెతికాను. వరి దుబ్బులు కదిలిపోతున్నాయని నన్ను నేనే తిట్టుకుని గట్టెక్కాను.

ఆ చొక్కా మీద ఊరికి ఎందుకంత కన్నో చెప్పాలి.

మా వైపు కూలికెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటారు. వరి ఆకు చేతులు కోస్తుంది, ఎండ మాడ్చేస్తుంది, అందుకని మొగుడి పాతదో కొడుకు పాతదో తగిలించుకుని మడిలోకి దిగుతారు. భూమి ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం వేసుకోరు. వేసుకుంటే పరువు తక్కువ. వాళ్ళు గొడుగేసుకుని గట్టు మీద నిలబడి మాట్లాడాలి. నాకు గట్టు మీద నిలబడి మాట్లాడితే పని జరుగుతుందని నమ్మకం లేదు.

పైగా నాది పోయిన మనిషి చొక్కా. మాలో పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచరు. పదో రోజున ఆయన బట్టలన్నీ మూట గట్టి కోటిపల్లి రేవులో గోదారికి ఇచ్చేశారు. నన్నడగలేదు. అడిగే పద్ధతి లేదుట. పెళ్ళినాటి పంచె వెళ్ళిపోయింది, మొన్న మొన్న కొన్న రెండు చొక్కాలు ట్యాగులు కూడా విప్పకుండా వెళ్ళిపోయాయి. ఈ నీలం గళ్ళ చొక్కా ఒక్కటే వాళ్ళ చేతికి చిక్కలేదు. ఎందుకంటే అదెప్పుడూ ఇంట్లో ఉండేది కాదు. పని అవగానే ఆయన దాన్ని బోదె కాలవ నీళ్ళలో జాడించుకుని, చేలో ఇంజను షెడ్డులో మేకుకి తగిలించి, బనీనుతో ఇంటికొచ్చేవారు. బురద బట్టలు నా వాకిట్లో వేస్తే నేనేం చేస్తానో ఆయనకి తెలుసు.

ఏడాది వెళ్ళాక షెడ్డు తాళం తీశాను. మేకుకి చొక్కా అలాగే ఉంది. ఆయన వాసన కోసం మొహానికి ఆనించుకున్నాను. ఆయనా లేరు, వాసనా లేదు, ఉత్త డీజిలు కంపు. దాన్నే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడవడం అయ్యాక తొడుక్కుని చేలోకి దిగాను.

ఊళ్ళో బుగ్గలు నొక్కుకున్నారు. మరిది భార్య, మా తోటికోడలైతే ఇంటికొచ్చి, "అరిష్టం అక్కా, తీసి కాలవలో పడేసెయ్" అంది. "ఇందులో ఉన్న మనిషితో ఇరవయ్యేళ్ళు కాపురం చేశాను, ఆయనే నాకు అరిష్టం కాలేదు, ఉత్త చొక్కా ఏం చేస్తుందే?" అన్నాను. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు గుండీ ఊడిందని తెలిసి మళ్ళీ వచ్చింది. చేతిలో పిన్నీసు. పాపం దానికి నా మీద ప్రేమే, కాదనను.

"ఇది పెట్టేసుకో అక్కా. ఫోటోలో ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాను," అన్నాను.

పిన్నీసంటే ఏంటండీ? ఈ పూటకి ఎలాగో గడిపేద్దాం అని. నా గురించి మరిది ఊరంతా చెబుతున్నదీ అదే కదా, ఏదో ఈ పంటకి సరదా పడుతోంది, వచ్చే ఏటికి చల్లబడిపోతుందని. నేను పిన్నీసు పెట్టుకుని చేలో నిలబడితే మరిది చెప్పింది నిజమని నేనే సంతకం పెట్టినట్టు. నాకు గుండీ కావాలి. మిగతావాటితో సరిగ్గా సరిపడేది, గట్టిగా కుట్టుకునేది.

శుక్రవారం ద్రాక్షారామం వెళ్ళాను. ఫాన్సీ షాపాయన తెల్లగుండీల అట్ట తీసి ముందు పడేశాడు. నా చొక్కావి అచ్చం తెలుపు కావు. కొంచెం పొగ పట్టిన తెలుపు, అంచు లావు, నాలుగు చిల్లులు. ఆయన ఇచ్చినవి సన్నంగా, రెండు చిల్లులతో చంటిపిల్లల జుబ్బాకి కుట్టేవిలా ఉన్నాయి. "చేలోకే కదండీ అమ్మగారూ, ఏదైతే ఏంటండీ?" అన్నాడు. "చేలోకైతే మాత్రం? మీరు తినేది అక్కణ్ణించి కాదటండీ?" అని బయటికొచ్చేశాను. నోరు పారేసుకోవడం నాకలవాటే. మర్నాడు రాజమండ్రి బస్సెక్కాను.

మెయిన్ రోడ్డు మీంచి లోపలికి ఒక సందులో పాత మ్యాచింగ్ సెంటరుంది. ఫాల్సులు, లైనింగులు, దారాలు, గుండీలు. కౌంటరు వెనక ఒక పెద్దాయన, మెడలో టేపు, ముక్కు చివర కళ్ళజోడు. ఉతికి మడతపెట్టి కవర్లో తెచ్చుకున్న చొక్కా ఆయన ముందు పెట్టాను.

"ఎవరిదండీ?" అన్నారు.

"నాది."

"మగవాళ్ళదండీ ఇది. గుండీల పట్టీ కుడివైపుంది చూడండి."

"నాదన్నాను కదండీ!"

గొంతు పెద్దదయింది. పక్కన లేసు చూసుకుంటున్న ఆవిడ తల తిప్పింది. పెద్దాయన మాత్రం ఏమీ అనుకోలేదు. "మీదేనండి, మీదే," అంటూ చొక్కా విప్పి కౌంటరు మీద పరిచారు. ఒక్కొక్క గుండీ వేలితో తడుముతూ కిందికి వెళ్ళారు. చివరిదాని దగ్గర ఆగి కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"వీటిలో దేనికి మ్యాచింగ్ ఇమ్మంటారు? రెండు రకాలున్నాయి కదండీ."

"రెండు రకాలేంటండీ? ఏడాది పైగా ఒంటి మీద వేసుకుంటున్నాను, నాకు తెలీదా?"

ఆయన చొక్కా నా వైపు తిప్పి ఆ చివరి గుండీ మీద వేలు పెట్టారు.

అదీ తెలుపే. కానీ పొగ పట్టిన తెలుపు కాదు, పాల తెలుపు. మధ్యలో చిన్న పువ్వు చెక్కి ఉంది, అయిదు రేకులు. నల్లదారంతో కుట్టి ఉంది. కుట్టేనా అది! బస్తా మూతి కట్టినట్టు చుట్టూ ఏడెనిమిది చుట్లు తిప్పి ముడి మీద ముడి వేసి ఉంది. నేను ఆ గుండీ ఎప్పుడూ పెట్టుకోలేదు. నా తుంటి దగ్గర చొక్కా బిగుతు, కింద గుండీ వదిలేస్తాను. చొక్కా ఉతికేది తిరగేసి, ఆరేసేదీ తిరగేసే. ఆయన ఉండగా అయితే ఆ చివర ఎప్పుడూ పంచె లోపలే ఉండేది.

ఆ పువ్వు గుండీని నేను గుర్తుపట్టాను. అది నా నైటీది.

ఆయన పోవడానికి ముందు ఏడు, ఊళ్ళోకి బండి మీద నైటీలు తెచ్చి అమ్మే అతని దగ్గర పసుప్పచ్చ నైటీ ఒకటి కొన్నాను. ముందు వరసగా పువ్వు గుండీలు. వాటిని చూసే కొన్నాను. వారం తిరక్కుండా కింద గుండీ ఒకటి మాయమైంది. మళ్ళీ అతను వచ్చినరోజు వీధిలో నిలబెట్టి కడిగేశాను. "మొదటి ఉతుక్కే ఊడిపోయే గుండీలు కుడతారా? మమ్మల్ని చూస్తే ఎలా కనపడుతున్నామయ్యా?" ఆ పిచ్చి మనిషి దండం పెట్టి ఒక జేబురుమాలు ఊరికే ఇచ్చి వెళ్ళాడు. అంతసేపూ మా ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. పేపరు మొహానికి అడ్డంగా ఉంది. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

చేలో గుండీ పోగొట్టుకుని ఉంటారు. కొత్తది అడిగితే నేను ఏమంటానో తెలుసు. "చిన్నపిల్లాడివా, గుండీలు కూడా కాపాడుకోలేవా?" అని మొదలెట్టి పెళ్ళిలో పోయిన ఉంగరం దాకా తవ్వుతాను. అందుకని నా నైటీది కోసుకున్నారు. సూది పట్టుకోవడం చేతకాని మనిషి, షెడ్డులో కూర్చుని, గోనెసంచి కుట్టే నల్లదారంతో కుట్టుకున్నారు. నాకు కనపడకుండా అన్నిటికన్నా కింద పెట్టుకున్నారు. కిందిది తీసి పైన ఊడినచోట పెట్టారో, ఊడిందే కిందిదో, ఇంక అడగడానికి మనిషి లేరు.

కౌంటరు దగ్గర నిలబడి నవ్వాను. పైకే నవ్వాను. నవ్వుతుంటేనే కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. లేసుల ఆవిడ నన్ను చూసి పక్కకి జరిగింది. "దొంగ," అన్నాను ఆ గుండీతో, "నేనేమో ఆ బండి అతన్ని పట్టుకుని తిట్టానే."

పెద్దాయన ఒక డబ్బా బోర్లించి, వేళ్ళతో గెలికి, పొగ పట్టిన తెలుపు, లావు అంచు, నాలుగు చిల్లులు ఉన్నది ఒకటి తీసి చొక్కా మీద పెట్టారు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నేను రెండు రోజులుగా వెతుకుతున్నది అదే.

"కుట్టి ఇచ్చేయమంటారా?"

నేను దాన్ని వేలితో అటూ ఇటూ జరిపాను. అది కుట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏమీ ఊడనట్టు, ఎవరూ పోనట్టు, ఆయనే ఇంకా ఆ చొక్కాలో ఉన్నట్టు ఉంటుంది. వాళ్ళందరికీ కావలసింది అదే కదా, చేలో ఎప్పటికీ ఒక మగవాడు నిలబడి ఉన్నట్టు కనపడడం.

"వద్దండి. ఇలాంటివి రెండివ్వండి, ఇంట్లో కుట్టుకుంటాను. ఒక నల్లదారం ఉండ కూడా ఇవ్వండి. గట్టిది," అన్నాను.

ఇంటికొచ్చాక పెట్టె తీశాను. నైటీ ఉంది. రంగు వెలిసింది గానీ గుండీలు బాగానే ఉన్నాయి, ఆయన కోసుకున్నచోట తప్ప. అక్కడ అప్పట్నించీ హుక్కే. పైనుంచి రెండో గుండీ కత్తిరించాను. దాన్ని చొక్కాకి పెట్టి నల్లదారంతో కుట్టాను. నాకు కుట్టు బాగా వచ్చు. అయినా సరే, ఏడెనిమిది చుట్లు తిప్పి ఆయనలాగే ముడి మీద ముడి వేశాను. కాజాలో దూరడానికి కాస్త మొండికేసింది, దూరాక మరి రాలేదు. రాజమండ్రి నుంచి తెచ్చిన ఆ రెండూ నైటీకి కుట్టేశాను, ఒకటి ఆయన కోసుకున్నచోట, ఒకటి నేను కోసుకున్నచోట. పసుప్పచ్చ నైటీ మీద మగవాళ్ళ చొక్కా గుండీలు. ఎవరైనా అడిగితే చెబుదామని చూస్తున్నాను, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున్న నేను చేరేసరికే మరిది గట్టు మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తెల్లపంచె. పక్కన తోటికోడలు నిలబడి నన్ను చూడగానే తల దించుకుంది. వ్యవసాయ సహాయకురాలు నాకు కూతురయ్యే వయసు పిల్ల, గొడుగు చంకలో పెట్టుకుని ఫోను చూసుకుంటోంది.

మరిది కళ్ళు నేరుగా గుండీ మీద పడ్డాయి.

"ఏంటి వదినా ఇది? ఆడవాళ్ళ గుండీలా ఉంది, పువ్వూ అదీనీ."

"ఆడవాళ్ళదేనయ్యా. నాది. మీ అన్నయ్య కూడా ఒకటి పెట్టుకున్నారు, చూడు," అని చొక్కా అంచు పట్టుకుని కింద గుండీ చూపించాను. "మీ అన్నయ్యకి లేని సిగ్గు నీకెందుకు?"

వంగి చూశాడు. అన్న చేతి ముడి తమ్ముడికి తెలియకుండా ఉంటుందా? ఇద్దరూ కలిసే బస్తాలు కుట్టి పెరిగారు. మొహంలో కోపం పోయింది. ఆ క్షణంలో నాకూ జాలేసింది, అతనికీ అన్నే కదా పోయింది. జాలేసింది గానీ పక్కకి జరగలేదు.

పంటలోకి దిగాను. పిల్ల ఫోను ఎత్తి పట్టుకుని, దించి, మెల్లగా అంది, "అమ్మా, ఫోటో కదండీ, చొక్కా తీసేసి కొంగు సర్దుకుంటారా? బాగుంటుంది."

"తియ్యను తల్లీ. ఇలాగే తియ్యి."

ఊపిరి బిగబట్టి, ఎప్పుడూ పెట్టని కింద గుండీ కూడా పెట్టుకున్నాను. తుంటి దగ్గర బట్ట సాగింది. పుటుక్కుమంటుందని భయపడ్డాను. గోనెసంచి దారం కదా, కదల్లేదు.

ఫోటో తీసింది. తర్వాత గట్టు మీద మరిది వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి ఫోనులో వేలు పెట్టి ఆగింది.

"చేను ఎవరిదమ్మా?"

"నాది."

"సాగు చేసేదెవరండీ?"

గట్టు మీద ఎవరైనా మాట్లాడతారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఎవరూ మాట్లాడలేదు.

"అదీ నేనే. రాసుకో," అని, ఇంటిపేరుతో సహా నా పేరు గట్టిగా చెప్పాను.